ఆపదలో ఆదుకొను ఆసనము

కండ్లకోయ పరిసరములలో నివసించువారికి విమానపు మ్రోత క్రొత్త కాదు. ఆ ఊరికి ఆగ్నేయమున హకీంపేట వైమానిక స్థావరము, పడమట దుండిగల్ వైమానిక దళ అకాడమీ ఉన్నవి. అచటి శిక్షణ విమానములు ఆ ఇండ్లమీదుగా తిరుగుచుండును. వానిని నడపు నేర్పు సంపాదించుచున్నవారు మన ఇండ్లలోని పిల్లల యీడువారే. ఆకసమున యంత్రము మొరాయించినచో వారి గతి యేమి?

2017 సెప్టెంబరు 28వ తేదీన హకీంపేటనుండి బయలుదేరిన కిరణ్ విమానమొకటి కీసర ప్రాంతమున కూలిపోయినది. 2018 నవంబరు 21వ తేదీన యాదాద్రి భువనగిరి జిల్లాలో మరియొక కిరణ్ కూలినది. రెండు విమానములును నాశనమైనవి. వానిలోని శిక్షణార్థులు మాత్రము బ్రతికిరి. వారిని కాపాడినది వారు కూర్చున్న ఆసనమే. దీనిని ఎజెక్షన్ సీటు అందురు.

పూర్వము విమానము చెడినచో పైలట్ అంచు దాటి దూకి, పారాచూటు విప్పుకొనెడివాడు. వేగము పెరిగినకొలది అది అసాధ్యమైనది. ఎదురుగాలి మనిషిని లేవనీయదు. లేచి దూకినను తోక తగిలి మరణించు ప్రమాదము కలదు. కావున మనిషిని ఆసనముతో సహా బయటికి విసరివేయవలెనను ఆలోచన పుట్టినది. 1942 జనవరి 13వ తేదీన జర్మనీలో హెల్ముట్ షెంక్ అను పైలట్, మంచు పట్టి అదుపు తప్పిన విమానమునుండి ఈ విధముగా బయటపడెను. ఆ సంవత్సరమే ఇంగ్లండులో జేమ్స్ మార్టిన్ అను ఇంజనీరు తన భాగస్వామియైన కెప్టెన్ బేకరును విమాన ప్రమాదములో కోల్పోయెను. అటుపిమ్మట ఆయన పైలట్ల రక్షణకే తన జీవితమును వినియోగించెను. ఆ యిద్దరి పేర వెలసిన మార్టిన్ బేకర్ సంస్థ ఆసనములు నేటివరకు 7,500 మందికి పైగా ప్రాణదానము చేసినవి.

ఇక ఇది పనిచేయు విధము చూతము. తొడలనడుమ నుండు పసుపు నలుపు చారల పిడిని పైలట్ గట్టిగా లాగును. తక్షణమే భుజముల పట్టీలు బిగిసి వీపును ఆసనమునకు అదిమివేయును. తల పైనున్న గాజు కప్పు ఎగిరిపోవును, లేదా చిన్న ప్రేలుడుతో పగిలిపోవును. ఆసనము వెనుకనున్న గొట్టములలో తూటాలు ప్రేలి, ఆ వాయువుల ఒత్తిడి ఆసనమును పైకి నెట్టును. కాళ్ళు గాలిలో కొట్టుకొనకుండ పట్టీలు వెనుకకు లాగి పట్టును. ఆసనము విమానమును వీడు వేళకు దాని క్రింది రాకెట్టు అంటుకొని మరింత పైకి గొనిపోవును. మొదటిది ఫిరంగి వంటి దెబ్బ. రెండవది తారాజువ్వ వంటి పరుగు. కావలసిన బలమంతయు ఒక్క దెబ్బలో ఇచ్చినచో వెన్నెముక తట్టుకొనలేదు గనుక ఈ రెండంచెల ఏర్పాటు. తరువాత చిన్న గొడుగొకటి విచ్చుకొని ఆసనమును నిలకడ చేయును. పిదప ఆసనము విడిపోయి పెద్ద పారాచూటు తెరచుకొనును. తక్కువ ఎత్తున ఇదంతయు రెండు మూడు సెకండ్ల పని. మిక్కిలి ఎత్తున గాలి పలుచన, చలి తీవ్రము; కావున సుమారు 3,000 మీటర్లకు దిగువరకు పెద్ద పారాచూటు తెరచుకొనదు. అంతవరకు పైలట్ ఊపిరికి ఆసనమందే చిన్న ఆక్సిజన్ సీసా ఉండును.

ఈ ప్రాణరక్షణకు మూల్యము కలదు. ఎడ్లబండి గుంతలో పడి ఎగిరినప్పుడు నడుమునకు తగులు దెబ్బ మనమెరుగుదుము. ఇచట ఆ దెబ్బ ఎన్నో రెట్లు. ఆసనము భూమ్యాకర్షణకు పదునైదు రెట్ల త్వరణముతో లేచినచో, 70 కిలోల మనిషి వెన్నెముకమీద 1,000 కిలోలు మించిన భారము పడినట్లగును. ఆ క్షణమున నడుము వంగియున్నను, తల ముందుకు వాలియున్నను వెన్నుపూసలు నలిగి చిట్లవచ్చును. అందుచేత క్షేమముగా దిగినవారిని సైతము కదలనీయక పడుకొనబెట్టి, వెన్నెముకను పరీక్షింతురు. అతివేగమున పోవుచు బయటపడినచో గాలి తాకిడికి చేతుల కీళ్ళు తప్పవచ్చును.

అన్నిటికంటె పెద్ద ప్రమాదము ఆలస్యము. విమానము నేలమీద కదలక నిలిచియున్నను పైలటును కాపాడగల ఆసనములు నేడు కలవు. అయినను విమానము సెకండుకు 50 మీటర్ల చొప్పున క్రిందికి పడుచున్నదనుకొందము. రెండు సెకండ్లు తటపటాయించినచో 100 మీటర్ల ఎత్తు పోయినట్లే. తలక్రిందులైనచో ఆసనము మనిషిని నేలవైపే విసరును. యంత్రము తిరిగి దారికి వచ్చునేమో అను ఆశ, క్రింద ఇండ్లున్నవను సంకోచము ఆ చేతిని ఆపుచుండును. పిడి లాగిన పిమ్మట జరుగునది యంత్రము పని. ఎప్పుడు లాగవలెనో తేల్చుకొనుట మాత్రము మనిషి పని. అందుకే ఈ నిర్ణయమును పైలట్లకు నేలమీదనే మరల మరల అభ్యసింపజేయుదురు.

ఆకసపు శిక్షణ ఎంత కఠినమైనదో ఈ ప్రాంతము మరువలేదు. 2023 డిసెంబరు 4వ తేదీన దుండిగల్ నుండి వెడలిన పిలాటస్ విమానము తూప్రాన్ సమీపమున రావెల్లి గ్రామము కడ కూలగా, శిక్షకుడును శిక్షణార్థియు మరణించిరి.

నేలమీదనున్న మనకును ఒక కర్తవ్యము కలదు. ఎచటనైన విమానము కూలినచో ఆ శకలములను, పడియున్న ఆసనమును తాకరాదు. వానిలో ప్రేలని తూటాలు ఉండవచ్చును. పిల్లలను దూరముగా నుంచి అధికారులకు కబురంపవలెను. పారాచూటుతో దిగిన మనిషి కనబడినచో ఆత్రపడి లేవనెత్తరాదు, కూర్చుండబెట్టరాదు. వైద్యులు వచ్చువరకు పడుకొననిచ్చి తోడుండవలెను. ఆసనము కాపాడిన వెన్నెముకను మన తొందరపాటు చెరుపకుండుటయే ఆ వేళ మనము చేయగల ఉపకారము.