రాబందులను మింగిన సూది

పేదోళ్ల భూములు గుంజుకునేటోన్ని, వడ్డీ మీద వడ్డీ గట్టి రైతును పీల్చేటోన్ని మనం ఏమని తిడ్తం? "రాబందు లెక్క పీక్కతింటున్నడు" అంటం. ధర్నాలల్ల, మీటింగులల్ల ఈ మాట నేను మస్తుసార్లు విన్న. కని జెర ఆగి సోంచాయించుండ్రి. రాబందు తిండి సచ్చిన గొడ్డు. ఎవ్వల భూమి గుంజుకోలే, ఎవ్వల ఉసురు తియ్యలే. ఊరి కంపును కడుపుల ఏసుకున్న పిట్ట అది. ఇయ్యాల ఇరవై ఏండ్లున్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు ఆ తిట్టు తెలుసు గని పిట్ట తెల్వది. ఎందుకు తెల్వకుంట పోయిందో, దానికీ మన పాణాలకూ సంబంధమేందో చెప్త.

ముందుగాల దాని పని సంగతి. ఎనకట ఊళ్ల ఎద్దు సచ్చినా, బర్రె సచ్చినా ఊరవతల పడేసేటోళ్లు. దాన్ని గుంజుకపోవుడు, తోలు ఒల్సుడు కులం పేరు మీద మాదిగోళ్ల మెడకు గట్టిండ్రు. తోలు పోయినంక రాబందులు దిగేవి. మంద మంచిగ ఉంటే గంట లోపలనే గొడ్డు మాయం, బొక్కలే మిగిలేవి. ఆ బొక్కలు ఏరి అమ్ముకుని బతికిన కుటుంబాలు గూడ ఉండె. గా పని చేసిన మనుషులకు ఊరు మర్యాద ఇయ్యలే, గా పని చేసిన పిట్టకు మంచి పేరు పెట్టలే. కని రాబందు కడుపుల ఆమ్లం అసొంటిసొంటిది కాదు. దొమ్మ రోగం పురుగులు గూడ అండ్ల సచ్చిపోతయ్. అంటే రోగాన్ని ఊళ్లె తిరగనియ్యకుంట అక్కడికక్కడ్నే ఆపేది. జీతం లేదు, సెలవు లేదు.

1980లల్ల మన దేశంల రాబందులు కోట్లల్ల ఉండె. 1990ల నడిమిట్లకెళ్లి రాలిపోవుడు మొదలైంది. తెల్ల నడుము రాబందు అనే జాతిని చూస్తె, 1992ల వెయ్యి ఉన్న కాడ 2007 నాటికి ఒక్కటి మిగిలింది. పొడుగు ముక్కు రాబందులు గూడ నూటికి తొంభై ఆరు పోయినయ్. ఎవ్వలూ ఏటాడలే, అడవి అంతా ఒక్కపారి మాయం కాలే. మరెట్ల సచ్చినయ్? ఏదో వైరస్ అనుకున్నరు కొన్నొద్దులు. 2004ల లిండ్సే ఓక్స్ అనే పశువైద్య శాస్త్రవేత్త, ఆయన బృందం పాకిస్తాన్ల సచ్చిన రాబందులను కోసి చూసి అసలు దొంగను పట్టిండ్రు. దాని పేరు డైక్లోఫెనాక్. మనం నడుం నొప్పికి, మోకాళ్ల నొప్పికి ఏసుకునే మందే.

గా మందు పసులకు సూది రూపంల వచ్చింది. అగ్గువ, జల్ది పని చేస్తది. బర్రె జ్వరంతోని పడుంటె ఏ రైతైనా సూది ఏపిస్తడు, అండ్ల రైతు తప్పేం లేదు. కని సూది ఏసిన రెండు మూడు రోజులల్ల ఆ పసురం సస్తే, మందు దాని ఒంట్లనే ఉంటది. ఆ మాంసం తిన్న రాబందుకు కిడ్నీలు ఖరాబైతయ్. ఒంట్లకెళ్లి పోవాల్సిన యూరిక్ ఆమ్లం లోపల అవయవాల మీద తెల్ల సున్నం లెక్క పేరుకుంటది. కొన్ని దినాలల్లనే పిట్ట ఖతం.

అన్ని గొడ్లకు సూది ఏస్తరా, అన్ని రాబందులు ఎట్ల సస్తయని మీరు అడగొచ్చు. మంచి ప్రశ్న. నూరు గొడ్లల్ల ఒక్క దాంట్ల మందు ఉన్నా, అంతకంటె తక్కువ ఉన్నా గింత నాశనం జరగనీకె సాలని సైంటిస్టులు లెక్క తీసిండ్రు. ఎందుకంటె ఒక్క గొడ్డు మీద పదులకొద్ది రాబందులు వాల్తయ్. ఇయ్యాల తప్పించుకున్న పిట్ట రేపు ఇంకో గొడ్డు కాడ దొరుకుతది. మళ్ల పెరుగుదమంటే రాబందు జంట ఏడాదికి ఒక్కటే గుడ్డు పెడ్తది. పిల్ల పెద్దదై మళ్ల గుడ్డు పెట్టనీకె అయిదేండ్ల దాకా పడ్తది. సచ్చుడు దినాల లెక్కన, పుట్టుడు ఏండ్ల లెక్కన. గిట్లయితే ఏ జాతి నిలుస్తది?

రాబందులు పోయినంక గొడ్లు అట్లనే మురుగవట్టె. కుక్కలకు తిండి పెరిగింది, కుక్కల మందలు పెరిగినయ్, కుక్కకాట్లు, రేబిస్ భయం పెరిగినయ్. నీళ్లల్ల మురుగు కల్సింది. ఇయాల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2024ల ఒక లెక్క బయటపెట్టిండ్రు. రాబందులు లేకపోవుడు వల్ల 2000 నుంచి 2005 దాకా మన దేశంల అదనంగ సుమారు 5 లక్షల మంది సచ్చిండ్రని వాళ్ల అంచనా. కుక్క కరిసేది ఏసీ కార్లల్ల తిరిగేటోళ్లను కాదు. పసులు కాసేటోన్ని, చెత్త ఏరేటామెను, చీకట్ల బయటికి పోయేటోళ్లను కరుస్తది. అందుకే పర్యావరణం అనేది పట్నపోళ్ల ముచ్చట అని ఎవ్వలన్న అంటే నాకు కోపమొస్తది.

సర్కారు ఏం చెయ్యలేదా అంటే చేసింది. 2006ల పసులకు డైక్లోఫెనాక్ బంద్ పెట్టింది. కని మనుషుల కోసమని అమ్మే పెద్ద సీసాలు పసులకు ఎక్కుతనే ఉన్నయ్. అందుకే 2015ల ఆ పెద్ద సీసాలను ఆపి, 3 ఎంఎల్ చిన్న సీసాలే అమ్మాలన్నరు. 2023ల కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ గూడ పసులకు వద్దన్నరు. ఎసిక్లోఫెనాక్ పసురం ఒంట్లకు పోయినంక డైక్లోఫెనాక్‌గ మారుతది, పేరే వేరు. చూసిండ్రా, ఒక్క తలుపు మూస్తే మందు ఇంకో తలుపుకెళ్లి వస్తది. ఢిల్లీల తీసిన జీవో మన ఊరి మందుల షాపు దాకా రావాలంటే ఊళ్లె అడిగేటోడు ఉండాలె.

మన తెలంగాణల ఇంకా ఆశ ఉన్నది. కుమ్రం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూర్ అడవులల్ల, పెద్దవాగు ఒడ్డున పాలరాపు గుట్ట మీద 2013ల పొడుగు ముక్కు రాబందుల గూళ్లు బయటపడ్డయ్. అవి మహారాష్ట్ర అడవుల దిక్కు గూడ ఎగిరిపోయి తిని వస్తయ్. అంటే ఒక్క గుట్టను కాపాడితే సరిపోదు, అవి తిరిగే ఊర్లన్నిట్ల గొడ్డు మాంసం మంచిగుండాలె.

మరి మనం చెయ్యాల్సిందేంది? పసురానికి నొప్పి సూది ఏసేటప్పుడు సీసా మీద పేరు చదువుండ్రి. మెలాక్సికమ్ ఇయ్యమని పసుల డాక్టర్‌ను అడుగుండ్రి. రాబందులకు దానితోని హాని లేదని పరీక్షలల్ల తేలింది, పసురానికి గూడ మంచిగ పని చేస్తది. టోల్ఫెనామిక్ ఆసిడ్ గూడ గట్లాంటిదే. సూది ఏపించినంక పసురం సస్తే బయట పడెయ్యకుంట లోతుగ బొంద తీసి పూడ్చుండ్రి. చిరుత మీద, అడివి కుక్కల మీద కోపంతోని సచ్చిన గొడ్డుకు గుళికల మందు కలుపుడు బంద్ చేపియ్యుండ్రి, అది తిన్న రాబందులు గూడ మూకుమ్మడిగ సస్తయ్. వీటికి గ్రాంట్లు అక్కర్లేదు, ఫోన్ల ఒక మెసేజ్, గ్రామసభల ఒక మాట సాలు.

గా మందును పసులకు అమ్మేటప్పుడు, పసురం సచ్చినంక దాన్ని తినేటోని గతి ఏందని ఎవ్వలూ అడగలే. ఆ ఒక్క ప్రశ్న అడగనందుకే ఇంత జరిగింది. రేపు మన ఊరికి కొత్త పురుగుమందు వస్తది, కొత్త ఫ్యాక్టరీ వస్తది. గప్పుడు మీరు అడుగుండ్రి: దీని ఎనుక తినేటోడు ఎవ్వడు, తాగేటోడు ఎవ్వడు అని. ఇంకోటి, ఈసారి దోపిడీదారును తిట్టాలనిపిస్తే వేరే పేరు ఎతుకుండ్రి. రాబందు ఆ తిట్టుకు తగింది కాదు.