ఒక కంటి ఆపరేషన్‌కు పావు కిలో చెత్త

శుక్లాల ఆపరేషన్ చేయించుకొని సింగానల్లూరుకు తిరిగొచ్చిన మన పెద్దవాళ్ళు కొందరు ఒక సందేహం అడుగుతుంటారు: "ఉతికిన గుడ్డే కప్పినారు, కొత్త ప్యాకెట్టు విప్పలేదు. పరవాలేదా?" న్యాయమైన భయమే. కానీ దానికి జవాబు మనకు దగ్గరలోనే, మదురైలో ఉంది.

డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి గారు 1976లో 11 మంచాలతో అక్కడ మొదలుపెట్టిన అరవింద్ కంటి ఆసుపత్రి మన కోయంబత్తూరులో అవినాశి రోడ్డు మీద కూడా ఉంది. అరవింద్ ఆపరేషన్ గదుల్లో మిగిలిన చెత్తను పరిశోధకులు తూకం వేసి, 2017లో లెక్క ప్రచురించారు. ఒక్కో శుక్లం ఆపరేషన్‌కు 250 గ్రాములు తేలింది. వాడిన కరెంటు, కొన్న వస్తువులు అన్నీ కలిపితే దాదాపు 6 కిలోల కార్బన్. బ్రిటన్‌లో ఇదే ఆపరేషన్‌కు అయ్యేదానిలో ఇది సుమారు ఇరవయ్యో వంతు.

అంత తేడా ఎలా వచ్చింది? బ్రిటన్‌లోని కార్డిఫ్ ఆసుపత్రి లెక్క చూస్తే తెలుస్తుంది. అక్కడి కార్బన్‌లో సగానికి పైగా కొన్న సామాన్ల వల్లనే. ఒకసారి వాడి పారేసే వస్తువు తయారీకీ రవాణాకూ అయ్యే ఖర్చు ఆసుపత్రి చెత్తబుట్టలో కనపడదు. అరవింద్‌లో లోహపు పరికరాలను ఆటోక్లేవ్‌లో ఆవిరితో శుద్ధి చేసి మళ్ళీ వాడతారు. గుడ్డలు ఉతికి శుద్ధి చేస్తారు. ఒకే గదిలో రెండు బల్లలుంటాయి. ఒకరికి ఆపరేషన్ అవుతుండగానే పక్క బల్ల మీద ఇంకొకరిని సిద్ధం చేస్తారు. గదిలో ఏసీ, దీపాలు ఖాళీగా వెలిగే సమయం తగ్గుతుంది. కరెంటు ఆదాకు నాకు ఇదే అన్నిటికంటే తెలివైన పద్ధతి అనిపిస్తుంది.

మరి చీము పట్టదా? అరవింద్ వైద్యులు 6 లక్షలకు పైగా కళ్ళ వివరాలు చూసి 2017లోనే ఇంకో అధ్యయనం ప్రచురించారు. ఆపరేషన్ చివర కంటి లోపలికి యాంటీబయాటిక్ మందు ఇచ్చినవారిలో ఇన్‌ఫెక్షన్ 10 వేల మందిలో ఇద్దరికి మాత్రమే వచ్చింది. అంటే మళ్ళీ వాడటం వేరు, మురికిగా వాడటం వేరు. అయితే ఒక మాట: సూది, సిరంజి వంటివి ఎక్కడైనా ఒకసారి వాడి పారేయవలసిందే. అందులో పొదుపు లేదు.

ఇక కామరాజర్ రోడ్డులోని మన ఈఎస్‌ఐ ఆసుపత్రి వంటి పెద్ద ఆసుపత్రుల సంగతి. వాటిలో తోడుగా ఉండే మన చేతిలోనూ కొంత పని ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఆసుపత్రి చెత్తలో దాదాపు 85 శాతం ఇంటి చెత్త వంటిదే: కాగితం, తిండి, అట్టపెట్టెలు. మిగిలినదే ప్రమాదం. 2016 నిబంధనల ప్రకారం రక్తం అంటిన దూది, కట్లు పసుపు సంచిలోకి వెళ్ళి కాలిపోతాయి. సెలైన్ గొట్టాలు, గ్లవ్స్ ఎరుపు సంచిలోకి వెళ్ళి, శుద్ధి అయ్యాక ముక్కలై రీసైక్లింగ్‌కు పోతాయి. సూదులకు తెల్ల డబ్బా, గాజుకు నీలం.

ఇప్పుడు క్యారియర్‌లో తెచ్చిన ఇడ్లీ తిని, ఆ అరిటాకును పసుపు సంచిలో వేశామనుకోండి. ఎరువు కావలసిన ఆకు ఇంధనం ఖర్చు పెట్టి కాల్చే చెత్త అవుతుంది. దానికి ఆసుపత్రి బరువు లెక్కన డబ్బు కట్టవలసి రావచ్చు. దీనికి తిరగేసి చేస్తే ఇంకా పెద్ద తప్పు. వేలు గుచ్చి చక్కెర చూసుకున్న సూదిని మామూలు బుట్టలో పడేస్తే, తెల్లవారి ఆ బుట్ట ఎత్తే ఆయమ్మ చేతికి గుచ్చుకుంటుంది. ఏ రంగు సంచో తెలియకపోతే నర్సును అడగండి, ఒక్క నిమిషం పని.