నెట్ లేకున్నా... దొంగ దూరాడు!

భీమునిపట్నం దారిలోని ఐఎన్ఎస్ కళింగ తూర్పు నౌకాదళానిది. ఆ దళానికి ప్రధాన కేంద్రం విశాఖ. రహస్యాలుండే కంప్యూటర్లకు అక్కడ ఇంటర్నెట్ ఉండదు. అయినా ఆ ప్రధాన కేంద్రంలోకి వైరస్ చొరబడిందని 2012లో పత్రికలు రాశాయి. ఎలాగంటారా... పెన్‌డ్రైవ్ ఎక్కి! కావలసిన ఫైళ్లను అందులోనే దాచుకుని, ఆ డ్రైవ్‌ను నెట్ ఉన్న కంప్యూటర్‌కు పెట్టగానే బయటికి పంపేసేదట.

తగిలించినదాన్నల్లా కంప్యూటర్ నమ్మడమే అసలు చిక్కు. పాత విండోస్‌లో 'ఆటోరన్' పెన్‌డ్రైవ్‌లోని ప్రోగ్రామ్‌కు దారిచ్చేది. మైక్రోసాఫ్ట్ 2011లో దాన్ని ఆపేసింది. అయితే 2014లో జర్మనీ పరిశోధకులు మరో గుట్టు విప్పారు. లోపలి ప్రోగ్రామ్ మార్చిన పెన్‌డ్రైవ్ 'నేను కీబోర్డుని' అన్నా కంప్యూటర్ నమ్మేస్తుంది, అది కొట్టే ఆదేశాలు పాటిస్తుంది!

అందుకే, ముక్కూమొహం తెలియని పెన్‌డ్రైవ్‌ను మీ కంప్యూటర్ గుమ్మం తొక్కనివ్వకండి.