సంగటి తెలియని యాప్: షుగరు ఉన్న పిల్లలు, ఫోన్లు, హక్కులు

పిల్లల్లో వచ్చే టైప్-1 మధుమేహం పెద్దవాళ్ల షుగరు లాంటిది కాదు. ఒంట్లో ఇన్సులిన్ తయారీయే ఆగిపోతుంది. మాత్రలతో కుదరదు, జీవితాంతం సూదే. 1922లో టొరంటోలో మొదట ఇన్సులిన్ సూది వేయించుకున్నది కూడా 14 ఏళ్ల పిల్లవాడే. వందేళ్లు దాటాయి. బద్వేలు ఎస్సీ కాలనీలో ఇలాంటి బిడ్డ ఉన్న తల్లికి ఈరోజుకీ మూడు లెక్కలు తప్పవు: బిడ్డ ఏం తిన్నది, షుగరు ఎంత ఉంది, ఎన్ని యూనిట్లు వేయాలి.

ఈ లెక్కలు రాసిపెట్టడానికే యాప్‌లు. ఉదయం, రాత్రి అంకెలు ఎక్కిస్తే గ్రాఫ్ గీస్తాయి. తెల్లవారుజామున షుగరు పదేపదే పడిపోతుంటే ఆ గ్రాఫ్‌లో తెలిసిపోతుంది. కడప పెద్దాసుపత్రి బద్వేలుకు 50 కిలోమీటర్ల పైనే. వెళ్లిన రోజు కూలి పోయినట్టే. ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో మాట్లాడేటప్పుడు నెల రోజుల అంకెలు చేతిలో ఉంటే ఆ మాటకు విలువ ఉంటుంది. మోతాదు మాత్రం యాప్ చెప్పిందని మార్చకూడదు, డాక్టరునే అడగాలి.

అయితే యాప్ ఎవరి వంటింటిని చూసి తయారైంది? మేము ఒకదానిలో వెతికితే ఓట్స్, బ్రెడ్ దొరికాయి, సంగటి దొరకలేదు. రాగి సంగటి ముద్దలో పిండిపదార్థం ఎంతో తెలియకపోతే లెక్క మొదట్లోనే తప్పుతుంది. పైగా ఫోన్ ఎవరిది? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతమే, పురుషులు 48.8 శాతం. బిడ్డను చూసుకునేది తల్లి, ఫోన్ తండ్రి జేబులో పనికి పోతుంది. గురుకులంలో చదివే పిల్లలకైతే ఫోనే ఉండదు.

అన్నిటికంటే బరువైనది స్ట్రిప్పుల ఖర్చు. యాప్ ఉచితమే, దానికి అంకె ఇచ్చే స్ట్రిప్పు కాదు. రోజుకు నాలుగు పరీక్షలంటే నెలకు 120 స్ట్రిప్పులు. ఒక్కోటి రూ.20 అనుకున్నా రూ.2,400. 2025-26లో రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు రూ.307. అంటే దాదాపు ఎనిమిది రోజుల పని. స్ట్రిప్పులు కొనలేని ఇంట్లో యాప్ ఖాళీగా ఉంటుంది. చూసేవాళ్లు అది తల్లి నిర్లక్ష్యం అనుకుంటారు. ఈ నింద మన ఇళ్లకు కొత్తది కాదు.

కేరళ ప్రభుత్వం 'మిఠాయి' పథకంలో ఈ పిల్లలకు ఇన్సులిన్ పెన్నులు, పరీక్ష పరికరాలు ఇస్తోంది. మన దగ్గర, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదటి జాబితాలోని 30 సమస్యల్లో మూర్ఛ, రుమాటిక్ గుండె జబ్బు ఉన్నాయి, టైప్-1 లేదు. ఎస్సీ ఉపప్రణాళిక చట్టం గడువును 2023లో మరో పదేళ్లు పెంచారు. ఆ నిధుల్లోంచి స్ట్రిప్పులు అడగడం న్యాయమైన డిమాండే అని మా అభిప్రాయం.

సమాచారం సంగతీ చూసుకోవాలి. 14 అంకెల ఆభా సంఖ్య తీసుకోవడం స్వచ్ఛందం. అది లేదని వైద్యం నిరాకరిస్తే ఒప్పుకోవద్దు. 2023 డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. యాప్ పేరూ కులమూ అడిగితే కులం గడి ఖాళీగా వదిలేయొచ్చు.

విద్యార్థి మిత్రులు చేయగల పని ఒకటుంది. తల్లి పక్కన కూర్చుని మూడు నెలల అంకెలు ఎక్కించండి, నోటుపుస్తకంలోనూ రాయించండి. పరీక్ష చేయలేకపోయిన రోజుల ఎదురుగా 'స్ట్రిప్పు లేదు' అని రాయండి. ఆ కాగితాలతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. రసీదు మరిచిపోవద్దు.