మిసిసిపీ మీద చిన్న పడవ

మిన్నెసోటా రాష్ట్రంలోని ఇటాస్కా సరస్సులో పుట్టి, సుమారు 3,770 కిలోమీటర్లు ప్రవహించి మెక్సికో సింధుశాఖలో కలిసే మిసిసిపీ నది అమెరికాలో సరుకు రవాణాకు ప్రధాన జలమార్గం. వేసవి వచ్చిందంటే చిన్న మోటారు బోట్లలో కుటుంబాలతో షికారుకు వచ్చేవారికి విహారస్థలం కూడా. మినియాపోలిస్, సెయింట్ లూయిస్ వంటి నగరాల్లో స్థిరపడిన తెలుగువారికీ ఇది ఇంటి ముంగిటి నదే. ఇక్కడి ప్రమాదాల్లో చాలాభాగం దూరం నుంచి గుర్తిస్తే సులువుగా తప్పుకోగలిగినవి, దగ్గరికి వచ్చాక ఎంత నేర్పరి సరంగుకైనా లొంగనివి. కనుక చిన్న పడవకు ఇంజన్ సత్తువ కన్నా నడిపేవారి ముందుచూపే ఎక్కువ రక్షణ ఇస్తుంది.

మినియాపోలిస్ నుంచి ఒహైయో నది వచ్చి కలిసే కైరో పట్టణం దాకా ఉన్న భాగాన్ని ఎగువ మిసిసిపీ అంటారు. 1930లో అమెరికా కాంగ్రెస్ ఆమోదించిన పథకం ప్రకారం సైనిక ఇంజనీర్ల దళం ఇక్కడ వరసగా ఆనకట్టలు, లాకులు నిర్మించి, పడవల దారిలో కనీసం 9 అడుగుల లోతు నిలిచేలా చేసింది. ఆ లోతు నది వెడల్పంతటా ఉండదు; బోయాలు, అంటే అడుగున బరువుకు కట్టి నీటిపై తేల్చిన గుర్తులు, చూపే దారిలోనే ఉంటుంది. ఎగువకు సాగే పడవకు ఎర్ర బోయాలు కుడివైపు, పచ్చవి ఎడమవైపు ఉండాలి. దిగువకు వచ్చేటప్పుడు ఇది తారుమారవుతుంది. వరద తోపుకో, సరుకు మోసే బార్జీల తాకిడికో బోయాలు చోటు తప్పడం మామూలే కాబట్టి, నది పటాన్ని కూడా పక్కనే ఉంచుకోవాలి.

బోయాల గీత దాటిన పడవకు ఎదురయ్యే మొదటి ముప్పు నీటిలో మునిగిన రాతి అడ్డుకట్టలు. ప్రవాహాన్ని నది మధ్యకు నెట్టి, అక్కడి ఇసుకను అదే కోసుకుపోయేలా చేయడానికి 19వ శతాబ్దపు చివరి దశకాల్లో ఒడ్డు నుంచి లోపలికి రాళ్లతో, కొమ్మల మోపులతో వీటిని కట్టారు. తరువాత ఆనకట్టలు వచ్చి నీటిమట్టం పెరగడంతో ఇవి మునిగిపోయి, కొన్నిచోట్ల రెండు మూడు అడుగుల లోతులోనే ఉన్నాయి. గాలి లేని ఉదయాన, నున్నటి నీటి మీద ఒడ్డు నుంచి నడిమికి గీత గీసినట్టు సన్నని ముడతల వరస కనిపిస్తే, రాళ్లు ఆ ముడతల కింద కాక వాటికి కొంచెం ఎగువన ఉన్నాయని గ్రహించాలి, ఎందుకంటే రాళ్లమీదుగా ఎగదన్నిన నీరు వాటిని దాటాకే పైకి తేలుతుంది. గాలికి అలలు లేచిన రోజున ఆ గుర్తు కూడా మిగలదు.

వీటన్నిటికన్నా పెద్ద ముప్పు సరుకు బార్జీల బారు. ఒక్కొక్కటి 195 అడుగుల పొడవు, 35 అడుగుల వెడల్పు ఉండే బార్జీలను మూడేసి చొప్పున అయిదు వరసలు ఉక్కు తాళ్లతో బిగించి, వెనకనుంచి ఒకే నౌక నెట్టుకుపోతుంది. దాదాపు 1,200 అడుగుల పొడవున, ఇరవై వేల టన్నులకు పైగా సరుకుతో కదిలే ఈ బారు ఆగడానికి మైలు దూరం కూడా పట్టవచ్చు. దాన్ని నడిపే పైలట్‌కు ముందు బార్జీకి ఎదురుగా వందల అడుగుల మేర, ఒక్కోసారి వెయ్యి అడుగులకు పైగా, నీరే కనిపించదు. ఇంజన్లన్నీ వెనక ఉండటంతో ముందు బార్జీ దాదాపు చప్పుడు లేకుండా మీదికి వస్తుంది, నెమ్మదిగా వస్తున్నట్టు భ్రమ కూడా కలిగిస్తుంది. ఇరుకు దారిలో మాత్రమే సాగగల పెద్ద నౌకకు 20 మీటర్ల లోపు పడవ అడ్డు రాకూడదన్నది అమెరికా జలమార్గ నిబంధన; నిబంధన లేకపోయినా వివేకం చెప్పేది అదే. దాని ముందునుంచి దాటే ప్రయత్నం ఎన్నడూ చేయరాదు. వంపుల్లో దాని వెనుకభాగం బయటి ఒడ్డు వైపు విసురుగా తిరుగుతుంది, అది వెళ్లిపోయాక కూడా పంకాలు చిమ్మిన నీరు చాలాసేపు మరుగుతూనే ఉంటుంది.

కోనసీమ కాలువల లాకులు చూసినవారికి మిసిసిపీ లాకుల పద్ధతి కొత్త కాదు. 110 అడుగుల వెడల్పున్న లాకులో మూడు బార్జీలు పట్టగా మిగిలేది 5 అడుగులే. 600 అడుగుల లాకులో బారును రెండు ముక్కలుగా విడదీసి దాటించాలి. ప్రాధాన్యంలో విహార పడవలది చివరి స్థానం కనుక ఎదురుచూపు తప్పదు. పచ్చదీపం వెలిగేదాకా ఆగి, లోపలికి వెళ్లాక గోడమీది తాడును చేత్తో పట్టుకోవాలి తప్ప పడవకు ముడివేయకూడదు. నీటిమట్టం దిగుతున్నప్పుడు ముడివేసిన పడవ తాడుకు వేలాడి తిరగబడుతుంది.

ఆనకట్టకు ఎగువన 600 అడుగుల లోపు నిషిద్ధ ప్రాంతం. సెయింట్ లూయిస్‌కు ఎగువన చెయిన్ ఆఫ్ రాక్స్ దగ్గరున్న రాతి ఆనకట్టకు గేట్లూ స్తంభాలూ లేవు, కనుక ఎగువనుంచి చూసే కంటికి నది సమతలంగా సాగిపోతున్నట్టే ఉంటుంది. పడవలన్నీ 1953లో తెరిచిన కాలువలోకి మళ్లాలని చెప్పే సూచికను నిర్లక్ష్యం చేసినవారికి రెండో అవకాశం దొరకడం కష్టం. ఇలాంటి చోట్ల ఇంజన్ ఆగితే ఆదుకునేది లంగరే. దాన్ని పెట్టె అడుగున దాచకుండా సిద్ధంగా ఉంచాలి, ఎప్పుడూ ముందు కొన నుంచే వేయాలి, వెనకనుంచి వేస్తే ప్రవాహం పడవలోకి ఎక్కుతుంది.

వరద రోజుల్లో చెట్ల దుంగలు సగం మునిగి కొట్టుకొస్తాయి కాబట్టి ఆ రోజుల్లో రేవు వదలకపోవడమే మేలు. 2019 సెప్టెంబరు 15న వరద గోదావరిలో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం తెలుగువారు మరచిపోలేనిది. ఇక లైఫ్ జాకెట్ సంగతి. అమెరికా తీరరక్షక దళం లెక్కల ప్రకారం పడవ ప్రమాదాల్లో మునిగి చనిపోయేవారిలో పదింట ఎనిమిది మందికి పైగా దాన్ని వేసుకోనివారే.

సెయింట్ లూయిస్ దాటాక లాకులు ఉండవు, ప్రవాహం ఉద్ధృతమవుతుంది, విహార పడవలకు ఇంధనం దొరికే రేవులు అరుదైపోతాయి. అందుకే సముద్రం చేరాలనుకునే చిన్న పడవల్లో చాలాభాగం, కొంతదూరం ఎదురు ప్రవాహంలో సాగి ఎన్నో లాకులు దాటవలసి వచ్చినా, కైరో దగ్గర ఒహైయోలోకి తిరిగి, టెన్నెసీ నది మీదుగా, 1985లో ప్రారంభమైన టెన్నెసీ-టామ్‌బిగ్బీ జలమార్గం పట్టి మొబీల్ రేవుకు దిగుతాయి.