ఆట జీవనోపాధి యగునా?

ప్రత్తితీతలు ముగిసి, కల్లములలో మిరపకాయ యెండుచున్న దినములివి. సాయంకాలము రచ్చబండకడ గూర్చుండి నా మాట వినుచున్న పెద్దల యెదుట ఒక్క ప్రశ్న నుంచెదను. ఆడపిల్ల ఆటలాడి బ్రదుకగలదా? బ్రదుకగలదన్నచో, ఇంటిపెద్ద చేయవలసిన దేమి?

మన గుంటూరు, ఒంగోలు సీమలలో స్త్రీ ప్రొద్దుపొడుపు మొదలు నడుము వంచి ప్రత్తి తీయును. మిరపకాయల గంప నెత్తికెత్తుకొని కల్లమునకు మోయును. ఆ దేహబలమును జూచి యెవ్వరును ముక్కుపై వ్రేలుంచుకొనరు. ఆ బలమునే ఆటస్థలమున జూపినచో, "ఆడపిల్లకు తగునా?" యందుము. కూలికి తగిన బలము కీర్తికి తగకపోవు టెట్లు?

ఇతరులను తప్పుపట్టుటకు ముందు నా తప్పును చెప్పుకొనవలెను. నేను బడిపంతులనైయున్న కాలమున ఒక బాలిక పరుగుపందెములలో మగపిల్లలను మించి పరుగెత్తెడిది. పై పోటీలకు పంపుదుమా యని తండ్రి నన్నడుగవచ్చెను. "పరుగు కూడు పెట్టునా?" యని నేను నవ్వి పంపివైచితిని. మరుసటియేడు ఆ పిల్ల బడికి రాలేదు, చేనికి పోయినది. ఆనాడు నేనన్న మాట నేటికిని నా చెవిలో మ్రోగుచున్నది.

ఆట వృత్తియగుట యన నేమి? ఒప్పందము, జీతము, నిత్యసాధన, గాయమైనపుడు చికిత్స, ఇవి యన్నియు నుండుట. ఇంగ్లాండు దేశమున రగ్బీ యను ఆట కలదు. జట్టునకు పదునైదుగురు. కోడిగ్రుడ్డు ఆకారము గల బంతిని చంక నిడుకొని, ఎదిరిపక్షమువారు పట్టి పడద్రోయుచుండగా, కడపటి గీత కావల నేలకు మోపవలెను. చేతితో బంతిని ముందునకు విసరరాదు. మన చెడుగుడునందువలెనే పట్టు తప్పించుకొనుట యిందు ముఖ్యము. ఇట్టి మోటైన ఆటను స్త్రీలాడుదురు. 1991లో వేల్సు దేశమున మొదటి ప్రపంచపు పోటీ జరిగినపుడు వారిలో పలువురు తమ ఖర్చులను తామే భరించిరి. 2019లో ఇంగ్లాండువారు 28 మంది స్త్రీలకు పూర్తికాలపు జీతము లేర్పరచిరి. 2025 సెప్టెంబరు 27వ తేదీన లండనులో ఇంగ్లాండు స్త్రీలు కెనడావారిని 33–13తో గెలువగా 81,885 మంది చూచిరి.

మన దేశమున రగ్బీ యాడు బాలికలు లేకపోలేదు. కాని స్త్రీలకు మొదట కూడు పెట్టిన జట్టుటాటలలో క్రికెట్టును చెప్పవలెను. అదియు నిన్నటి మాటయే. సికిందరాబాదున పెరిగిన మిథాలీ రాజ్ 2005లో మన జట్టును ప్రపంచపు పోటీ తుదిపందెము వరకు నడపినది. ఆనాడు పందెమునకు వేయి రూపాయల చొప్పున, మొత్తము ఎనిమిదివేలు మాత్రమే ముట్టినవని యామెయే చెప్పినది. 2006లో స్త్రీల క్రికెట్టు భారత క్రికెట్ బోర్డు పాలనకు వచ్చెను. 2022లో పురుషులతో సమానముగా ఒక్కదినపు పందెమునకు ఆరు లక్షల రూపాయలు నిర్ణయించిరి. 2023లో ఐదుజట్ల లీగు వెలసెను.

ఈ లీగునకు ఆటగత్తెలను వేలమున నెన్నుకొందురు. వేల మనగానే మీకు గుంటూరు మిర్చియార్డులోని టిక్కీలు జ్ఞప్తికి వచ్చి, "పిల్లను వేలము వేయుటా!" యని రోషము గలుగవచ్చును. అట్లు గాదు. అమ్ముడుపోవునది మనిషి గాదు. ఆమె యేజట్టు పక్షమున నాడవలెనో వేలము తేల్చును. పాడిన ధర ఆమెకు జీతము.

కడప జిల్లా ఎర్రమల్లె గ్రామమున 2004లో పుట్టిన నల్లపురెడ్డి శ్రీచరణి చరిత్ర దీనికి దృష్టాంతము. ఈమె మొదట పరుగుపందెముల బాలిక. క్రికెట్టునకు మేనమామ ప్రోత్సహించెను. ఎడమచేతితో బంతిని త్రిప్పి వేయుట నేర్చెను. ఢిల్లీజట్టువారు 2025 లీగునకు 55 లక్షల రూపాయల కామెను తీసికొనిరి. ఆ యేడే జూనులో ఇంగ్లాండునందలి నాటింగ్‌హాములో, తన తొలి ఇరువదోవర్ల అంతర్జాతీయపు పందెమున, 12 పరుగులిచ్చి నలుగురిని ఔటు చేసెను. ఆ యేటి ప్రపంచపు పోటీలో 14 వికెట్లు తీసెను. నవంబరు 2వ తేదీన నవీ ముంబయిలో మన స్త్రీలు దక్షిణాఫ్రికాను 52 పరుగులతో గెలిచి మొదటిసారి ప్రపంచవిజేతలైరి. పిమ్మట ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఆమెకు రెండున్నర కోట్ల రూపాయలును, కడపలో ఇంటిస్థలమును, గ్రూప్–1 ఉద్యోగమును ప్రకటించెను. మరుసటి లీగునకు ఆమె ధర ఒక కోటి ముప్పది లక్షలయ్యెను.

ఇది విని రేపే పిల్లలను బడి మాన్పించి మైదానమునకు తోలుడని నేను చెప్పను. లెక్క చూడుడు. ఐదు జట్లు, జట్టునకు హెచ్చుగా పదునెనిమిదిమంది. విదేశీయులతో గూడ మొత్తము తొంబది స్థానములే. మోకాలు దెబ్బతినెనా, ఏడాది పోయినట్లే. మిథాలీవలె ఇరువదిమూడేండ్లాడుట అరుదు. ముప్పదియైదేండ్ల ప్రాయమునకు పెక్కురి యాట ముగియును. ఆపై బ్రదుకు సగము మిగిలియుండును.

మిరప పండించువానికి ఈ ధర్మము క్రొత్తది గాదు. పంట కొన్నినెలలది; తిండి ఏడాదిది. ధర లేనినాడు నిలువ చేయుటకే గదా గుంటూరుచుట్టును శీతల గిడ్డంగులు లేచినవి! ఆటగత్తెకు చదువే అట్టి గిడ్డంగి. ఆట తగ్గిననాడు ఉద్యోగమునకో, శిక్షకవృత్తికో అదియే అక్కరకు వచ్చును. కావున ఆట యాడు పిల్లకు బడి మాన్పరాదు; బడికి పోవు పిల్లకు ఆట మాన్పరాదు.

ఇక పెద్దలు చేయవలసినది మూడు పనులు. బడియందు ఆటస్థలమును గడ్డివాములకును, ఎండబోతలకును విడువకుడు. ఆడపిల్లలు సాధన ముగించుకొని చీకటిపడకముందే యిల్లు చేరు నేర్పాటు చేయుడు. నేర్పువాడెవడో, శిక్షణాలయమెట్టిదో స్వయముగా పోయి విచారింపుడు. దూరము పోనక్కరలేదు, మన గుంటూరునందే ఆంధ్ర క్రికెట్ సంఘమువారు బాలికలకు శిక్షణాలయమును నెలకొల్పిరి.

ఆటలాడు పిల్లలందరును శ్రీచరణులు గారు. ఐనను సాధనచేసిన పిల్లకు ఆరోగ్యము, ధైర్యము, నలుగురితో కలిసి పనిచేయు నేర్పు మిగులును. అవి యే వృత్తికైనను పెట్టుబడియే. రేపు మీ యింటి బాలిక వచ్చి "ఆడుకొందునా?" యని యడిగినపుడు, ఆనాడు నేను నవ్వినట్లు మీరు నవ్వకుడు. కూర్చుండబెట్టి, వివరము లడిగి, ఆలోచించి బదులు చెప్పుడు. ఆ ఎర్రమల్లె పిల్లకు మేనమామ యుండెను. మన యూరి పిల్లకు మనముండవలెను.