కోఠి రెసిడెన్సీ: భవనాన్ని చారిత్రక ఆధారంగా చదవడం

సైన్య సహకార పద్ధతిని గురించి మీరు ఇంతకుముందు చదివారు. ఆ ఒప్పందం రాతిలో, సున్నంలో ఎలా కనబడుతుందో తెలుసుకోవాలంటే హైదరాబాదులోని కోఠి రెసిడెన్సీని చూడాలి. నిజాం ఆస్థానంలో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధిని రెసిడెంటు అనేవారు. ఇది ఆయన అధికార నివాసం. 1949 నుంచి ఇందులో మహిళా కళాశాల నడిచింది. ఇప్పుడు దీనిని వారసత్వ కట్టడంగా పరిరక్షిస్తున్నారు. వెళ్ళేముందు ప్రవేశ నిబంధనలు కనుక్కోండి.

ముందుగా భవనం ఎక్కడ ఉందో గమనించండి. నిజాం నగరం మూసీకి దక్షిణాన ఉంటే, రెసిడెన్సీ ఉత్తరపు గట్టున ఉంది. మెట్లకు అటూ ఇటూ సింహాలు, పైన ఎత్తయిన కోరింథియన్ స్తంభాలు కనిపిస్తాయి. ఇది స్థానిక శైలి కాదు, ఐరోపా శైలి. లోపల దర్బారు హాలు ఉంది. అంటే ఇది నివాసం మాత్రమే కాదు, వచ్చినవారికి అధికారాన్ని ప్రదర్శించే వేదిక కూడా.

ఇక్కడ ఒక ప్రశ్న వేసుకోండి: దీనికి డబ్బు ఎవరు పెట్టారు? ఖర్చు భరించింది నిజామే. నిర్మాణాన్ని తలపెట్టిన రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్. 1798 ఒప్పందంతో నిజాం అలీఖాన్ తన కొలువులోని ఫ్రెంచి దళాలను తొలగించి, కంపెనీ సైన్యాన్ని పోషించడానికి ఒప్పుకున్నాడు. 1800లో ఆ సైన్యపు ఖర్చు కింద బళ్ళారి, కడప మొదలైన ప్రాంతాలను కంపెనీకి వదులుకున్నాడు. అవే దత్తమండలాలు. ఈ రెండు ఒప్పందాలనూ నడిపినవాడు కిర్క్‌పాట్రిక్కే. మీరు రాయలసీమవారైతే, మీ ఊరి చరిత్రకూ ఈ స్తంభాలకూ ఉన్న సంబంధం ఇదే.

సందర్శకులకు ఎక్కువగా వినిపించేది కిర్క్‌పాట్రిక్, ఖైరున్నీసాల ప్రేమకథ. వారి వివాహం వాస్తవం. పరదాలో ఉండే ఆమెకోసం భవనపు చిన్న నమూనా కట్టించాడన్నది మాత్రం జనశ్రుతి. నమూనా ఉన్నదన్నది ఒక విషయం, ఎందుకు కట్టారన్నది మరొక విషయం. ఈ తేడాను గుర్తించడం చరిత్ర విద్యార్థికి అవసరం. ఆమె నివసించిన రంగమహల్‌ను తరువాత కూల్చివేశారు. పోయిన కట్టడం కూడా ఆధారమే: ఏది నిలబెట్టారో, ఏది పడగొట్టారో చూస్తే వచ్చినవారి ఆలోచన తెలుస్తుంది.

1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్‌ల నాయకత్వంలో తిరుగుబాటుదారులు ఈ రెసిడెన్సీపైనే దాడి చేశారు. నిజాం కోట మీదికి పోలేదు. అసలు అధికారం ఎక్కడ ఉందో నగర ప్రజలకు తెలుసుననడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు. దాడి విఫలమైంది. మౌల్వీని అండమాన్‌కు పంపారు.

బాగుచేసిన భవనం అందంగా ఉంటుంది. ఆ అందాన్ని ఆస్వాదించడంలో తప్పు లేదు. అయితే అందం దగ్గరే ఆగిపోతే, మూల్యం చెల్లించినవారు మన కంటికి కనిపించరు.

అభ్యాసం: మీ ప్రాంతంలో వలస పాలన నాటి బంగళాను గానీ కచేరీని గానీ ఒకదాన్ని చూసి, ఈ కింది ప్రశ్నలకు జవాబులు రాయండి.
1. కట్టించినది ఎవరు? ఖర్చు ఎవరిది?
2. అది ఎవరికి ఎదురుగా, ఎవరికి దూరంగా ఉంది?
3. అక్కడ చెప్పే కథలలో ఆధారం ఉన్నవి ఏవి? జనశ్రుతి ఏది?